స్టేషన్ ఆపేసే ముందు అడగాల్సినవి

చిరంజీవి శ్రావణికి, అత్త ఆశీస్సులు.

బ్రస్సెల్స్ చేరావనీ, సోమవారం నుంచి రవాణా నావిగేషన్ ప్రణాళిక పనిలో చేరుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది తల్లీ. ఇరవై రెండేళ్లు నేను చేసిన పని అది. అందుకే నాలుగు మాటలు రాసి పంపుతున్నాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు. రాసి పంపితే అవసరమైనప్పుడు తీసి చూసుకుంటావు.

మొదటి వారంలోనే నీ బల్లమీద చాలా కాగితాలు పెడతారు. యూరోపియన్ కమిషన్ 2018లో మొదటిసారి వెలువరించి, 2023లో కొత్త కూర్పు తెచ్చిన రేడియో నావిగేషన్ ప్లాన్ వాటిలో ఉంటుంది. దాన్ని శ్రద్ధగా చదువు. అయితే అది చట్టం కాదని గుర్తుపెట్టుకో. ఏ వ్యవస్థలు ఉన్నాయి, ఏవి వస్తున్నాయి, ఏవి పోతున్నాయి అన్నది ఒకచోట చేర్చి చూపిస్తుంది, అంతే. జీపీఎస్ లాంటి యూరప్ సొంత వ్యవస్థ గెలీలియో. దాని ఉపగ్రహాలు యూరోపియన్ యూనియన్ మొత్తానివి. విమానాలకూ ఓడలకూ దారి చెప్పే నేలమీది రేడియో స్టేషన్లను మాత్రం ఏ దేశానికి ఆ దేశం నడుపుకుంటుంది, ఖర్చూ అదే పెట్టుకుంటుంది. ఖర్చు తగ్గించాలనుకున్న దేశం ముందుగా చూసేది ఆ స్టేషన్ల వైపే. నీ కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

అందుకే అన్నిటికన్నా ముందు టార్టూ సంగతి చెబుతాను. టార్టూ ఎస్టోనియాలో రెండో పెద్ద ఊరు. 2024 ఏప్రిల్ చివర్లో హెల్సింకి నుంచి అక్కడికి బయల్దేరిన ఫిన్‌ఎయిర్ విమానాలు రెండు దిగలేక వెనక్కి వెళ్లిపోయాయి. ఆ ప్రాంతంలో జీపీఎస్ సిగ్నల్‌కు ఎవరో అడ్డుపడుతున్నారు. ఆ విమానాశ్రయంలో దిగే పద్ధతులేమో జీపీఎస్ మీదే ఆధారపడ్డాయి. విమానం బాగుంది, పైలట్లకు పని వచ్చు, రన్‌వే కూడా బాగానే ఉంది. అయినా ఏప్రిల్ 29 నుంచి నెల రోజుల పాటు ఆ సర్వీసు ఆగిపోయింది. జూన్ 2న మళ్లీ మొదలైంది. ఏం పెట్టాక మొదలైందో తెలుసా? డీఎంఈ. దశాబ్దాల నాటి పరికరం.

డీఎంఈ పని చాలా సరళం. విమానం నుంచి జంట పల్స్‌లు వెళతాయి. నేలమీది స్టేషన్ వాటిని అందుకుని, సరిగ్గా 50 మైక్రోసెకన్లు ఆగి, జవాబు పంపుతుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయంలోంచి ఆ 50 తీసేస్తే దూరం తెలుస్తుంది. రెండు మూడు స్టేషన్ల నుంచి దూరాలు తెలిస్తే విమానం ఎక్కడుందో లెక్క కట్టొచ్చు. ఆ స్టేషన్ దగ్గర్లోనే ఉంటుంది, గట్టిగా పలుకుతుంది. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. వాటి మాట మన దగ్గరికి చేరేసరికి గుసగుస కన్నా నీరసమవుతుంది. సిగ్నల్‌ను అడ్డుకునే జామర్, జేబులో పట్టేదైనా, దాన్ని మింగేయగలదు. యూరప్‌లో అలాంటి జామర్ వాడటం నేరం. అయినా వాడేవాళ్లున్నారు.

జామింగ్ కన్నా స్పూఫింగ్ ఇంకా ప్రమాదం. సిగ్నల్ పోతే పోయిందని తెలుస్తుంది. తప్పుడు సిగ్నల్ వస్తే పరికరం దాన్నే నిజమనుకుంటుంది. ఆ ప్రాంతం దాటాక కూడా కాక్‌పిట్‌లో గడియారం తప్పు చూపిస్తుంది, ఎదురుగా కొండ లేకపోయినా 'పైకి లేపు' అని హెచ్చరిక మోగుతుంది. ఇవి నివేదికల్లో ఒక్క వాక్యంగా కనిపిస్తాయి. పైలట్ల పక్కన కూర్చుని విను. నిజం కాదని తెలిసిన హెచ్చరికను పట్టించుకోకపోవడం అలవాటైతే, నిజమైనది మోగిన రోజున ఏమవుతుందో అన్న టెన్షన్ వాళ్ల మాటల్లో నీకే వినిపిస్తుంది.

ఇక చట్టం సంగతి. 2018/1048 అనే నియంత్రణ ప్రకారం 2030 జూన్ 6 నుంచి యూరప్ గగనతలంలో పాత తరహా నావిగేషన్ పద్ధతులతో సేవ ఇవ్వకూడదు. దట్టమైన పొగమంచులో దింపే ఐఎల్ఎస్ లాంటివాటికి మినహాయింపు ఉంది. ఈ ఒక్క తేదీ పట్టుకుని, విమానానికి దిశ చెప్పే వీఓఆర్ స్టేషన్లూ పాత రేడియో బీకన్లూ అన్నీ అమ్మేసుకోవచ్చని వాదించేవాళ్లు నీకు ఎదురవుతారు. అదే చట్టంలో ఆరో అధికరణం చదివించు. ఉపగ్రహ పద్ధతి పనిచేయని రోజుకు ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉంచాలని అందులో ఉంది. పాతవాటిని తగ్గించమనడం తప్పు కాదు, నేనూ చాలా చోట్ల తగ్గించమనే రాశాను. ఎన్ని మిగలాలి, ఎక్కడ మిగలాలి అన్నది లెక్క వేశాకే స్విచ్ ఆపాలి. ఒకసారి నేను రాసిన నివేదికలో ప్రత్యామ్నాయం గురించిన పేజీని, దాని పక్కన ఎంత ఆదా అవుతుందన్న అంకె లేదని తీసేశారు. అప్పుడు గట్టిగా అడగలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది. నువ్వు అడుగు.

సముద్రం మీదా ఇదే కథ. 2008లో బ్రిటన్ లైట్‌హౌస్ సంస్థలు ఫ్లాంబరో హెడ్ దగ్గర తమ ఓడ మీదే కావాలని జీపీఎస్ జామ్ చేసి చూశాయి. ఓడలో ఒకటి కాదు, అనేక పరికరాలు ఒకేసారి గందరగోళపడ్డాయి. అంత తెలిసినా 2015 డిసెంబర్ 31న ఫ్రాన్స్, నార్వే, జర్మనీ, డెన్మార్క్ తమ లోరాన్ స్టేషన్లు (నేలమీది నుంచి రేడియో సిగ్నల్ పంపి ఓడలకు స్థానం తెలిపేవి) ఆపేశాయి. ఒక దేశం ఆపితే పక్క దేశపు స్టేషన్ కూడా పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే స్థానం తెలియాలంటే కనీసం మూడు పలకాలి. ఇప్పుడు బాల్టిక్‌లో ఆర్-మోడ్ పేరుతో తీరంలోని రేడియో బీకన్ల నుంచే స్థానం కనుక్కునే ప్రయత్నాలు చేస్తున్నారు. ఆపేసినదాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టుకోవడం ఎంత కష్టమో వాళ్లని అడుగు.

మన గెలీలియో ఉందిగా, జీపీఎస్ పోతే అదుంటుంది అని ధైర్యపడకు. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ, 1575.42 మెగాహెర్ట్జ్ మీద పలుకుతాయి. ఒకే జామర్ రెండింటినీ నొక్కేస్తుంది. పైగా 2019 జులైలో దాదాపు వారం రోజులు గెలీలియో సేవ ఆగిపోయింది. ఉపగ్రహాలు బాగానే ఉన్నాయి, లోపం నేలమీది కేంద్రాల్లో వచ్చింది. 2016 జనవరి 26న జీపీఎస్ ఒక పాత ఉపగ్రహాన్ని తప్పించినప్పుడు పంపిన సమయంలో 13 మైక్రోసెకన్ల తేడా వచ్చింది. స్థానం లెక్కకు ఏమీ కాలేదు. టెలికాం నెట్‌వర్క్‌లలో మాత్రం అలారాలు మోగాయి. ఎవరెవరు ఈ సిగ్నల్‌తో గడియారం పెట్టుకుంటున్నారో కూడా నీ జాబితాలో ఉండాలి.

లారీల దగ్గరికి వస్తే, 2019 జూన్ నుంచి కొత్త లారీల్లో స్మార్ట్ టాకోగ్రాఫ్, అంటే డ్రైవర్ నడిపిన సమయం నమోదు చేసే పరికరం, ఉండాలి. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తీసుకోవాలన్న నియమం పాటించారో లేదో అదే చెబుతుంది. స్థానం మార్చి చూపిస్తే లాభపడే మనుషులు ఇక్కడుంటారు. అందుకే గెలీలియో సిగ్నల్ అసలుదేనని నిర్ధారించే ఓఎస్ఎన్ఎంఏ ఈ రంగానికి బాగా పనికొస్తుంది. కార్లలో ప్రమాదం జరిగితే తనంతట తానే ఫోన్ చేసే ఈకాల్ కూడా 2018 మార్చి 31 నుంచి కొత్త మోడళ్లకు తప్పనిసరి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు యూరప్ అత్యవసర నంబరు 112కి స్థానం పంపేది అదే. రైళ్లకు ఇంకా పట్టాల మధ్య బిగించి, రైలు ఎక్కడుందో చెప్పే బాలీస్‌లే ఆధారం, వాటి జోలికి తొందరపడి వెళ్లొద్దు.

ఒప్పందాల గడువులు కూడా చూసుకో. జీపీఎస్ లెక్కను సరిదిద్ది విమానాలకు పంపే మన గగన్ లాంటిదే యూరప్ ఈగ్నోస్. బ్రెగ్జిట్ తర్వాత 2021 జూన్ 25న బ్రిటన్‌కు దాని ప్రాణభద్రత సేవ పోయింది. సిగ్నల్ మాత్రం ఆకాశంలోంచి మునుపటిలాగే పడుతూనే ఉంది! బాధ్యత తీసుకుంటామని సంతకం చేసేవాళ్లు లేకపోతే సిగ్నల్ ఉన్నా పైలట్ వాడకూడదు. ఇబ్బంది పడ్డవి చిన్న విమానాశ్రయాలే.

చిన్నవాళ్ల మాట వినడం అందుకే ముఖ్యం. 1240 నుంచి 1300 మెగాహెర్ట్జ్ మధ్య హామ్ రేడియో వాళ్లకూ, గెలీలియో ఈ6 సిగ్నల్‌కూ చోటు కుదరక చాలా ఏళ్లు చర్చ నడిచింది. హామ్ వాళ్లని పూర్తిగా వెళ్లగొట్టకుండా, ఎంత శక్తితో ఎక్కడ ప్రసారం చేయొచ్చో పరిమితులు రాసి, 2023లో దుబాయ్ రేడియో సమావేశంలో దారి కనుక్కున్నారు. నాకు చాలా నచ్చిన పరిష్కారం అది.

చేరిన నెలలోపు ఒక పట్టిక తయారుచేసుకో. నీ పరిధిలోని చిన్న విమానాశ్రయాలు, రేవులు ఒక వరుసలో రాయి. పక్కన ఉపగ్రహ సిగ్నల్ పోతే అక్కడ ఏం మిగులుతుందో రాయి. ఎవరో చెప్పింది రాయకు, అక్కడికే ఫోన్ చేసి కనుక్కో. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, 'ఏమీ లేదు' అని ఎన్ని ఊళ్ల పక్కన రాయాల్సి వచ్చిందో నాకు చెప్పు.

ప్రేమతో,
మీ అత్త