లారీ డిఫరెన్షియల్ శబ్దం: ఎంతవరకు మనం చేసుకోవచ్చు?

అన్నా, మీ ఆరు చక్రాల లారీ వెనక ఇరుసు మధ్య డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు వైపుల వెనక చక్రాలకు పంచే పళ్ళ చక్రాల అమరిక) ఉండే హౌసింగ్‌లోంచి ఏడుపు లాంటి శబ్దం వస్తోందని, షెడ్డులో చెప్పిన రేటు చూసి మీరే విప్పి కట్టుకోవచ్చా అని అడిగారు. నేను ఎర్రగుంట్ల నుంచి రాయచోటికి సిమెంటు తోలుతాను. నా బండికీ ఇదే వచ్చింది. విప్పడం, కడగడం, చూడడం నేనే చేసుకున్నాను. పినియన్ (క్రౌన్ అనే పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం) సెట్టింగ్ మాత్రం కడపలో ఒక పెద్ద మిస్త్రీతో చేయించాను. మీకూ అదే చెప్తాను.

ముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకోండి. దీనికి కడప-రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ కంటే మంచి చోటు మన దగ్గర లేదు. కడప నుంచి ఎక్కేటప్పుడు ఇంజన్ బండిని లాగుతుంది. దిగేటప్పుడు గేరులో ఉన్న బండే ఇంజన్‌ను తిప్పుతుంది. అంటే ఎక్కేటప్పుడు క్రౌన్ పళ్ళ ఒక ముఖం మీద, దిగేటప్పుడు రెండో ముఖం మీద బరువు పడుతుంది. ఒక దిక్కున మాత్రమే ఏడిస్తే క్రౌన్ పినియన్‌నో, పినియన్ బేరింగ్ లూజునో అనుమానించాలి. ఎక్కినా దిగినా ఒకేలా గరగరమంటే ఎక్కువగా బేరింగులే. మలుపుల్లోనే వస్తే లోపలి స్టార్ పినియన్లు (మలుపులో రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే చిన్న పళ్ళ చక్రాలు) చూడాలి. కదిలేటప్పుడు టక్కుమంటే హౌసింగ్ జోలికి పోకముందే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక్కి వచ్చే పొడవాటి కడ్డీ) కీళ్ళ దగ్గరి క్రాసులు పట్టుకుని ఆడించి చూడండి. ఆ షాఫ్ట్ మధ్యలోని సెంటర్ బేరింగ్, చక్రంలోని హబ్ బేరింగ్ కూడా ఇలాంటి శబ్దమే చేస్తాయి.

తర్వాత బండి కాస్త తిరిగి వేడెక్కాక ఆయిల్ వదలండి. ఆయిల్ వదిలే ప్లగ్గుకున్న అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే కంగారు లేదు, పళ్ళు అరిగితే అది మామూలే. రేకుల్లాంటి ముక్కలు దొరికితే మాత్రం బండి తోలకండి. ఆయిల్ తక్కువగా ఉంటే బ్రీదర్ (హౌసింగ్ లోపలి గాలి బయటికి పోయే చిన్న రంధ్రం) చూడండి. మన దుమ్ముకు అది మూసుకుపోతే లోపలి ఒత్తిడికి సీలు కారడం మొదలవుతుంది.

విప్పేటప్పుడు బండి ఖాళీగా, సమతలం మీద ఉండాలి. చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. హ్యాండ్ బ్రేకు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పనిచేసే బండయితే, యాక్సిల్ షాఫ్టులు (డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు పోయే కడ్డీలు) లాగేశాక ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. ఈ ఒక్క సంగతి దయచేసి తేలిగ్గా తీసుకోకండి. డిఫరెన్షియల్‌ను చేతులతో దించాలని చూడొద్దు, ట్రాలీ జాకీ వాడండి. బేరింగ్ క్యాపులకు కుడి, ఎడమ గుర్తులు పెట్టుకోండి, అవి తారుమారు కాకూడదు.

ఇక సెట్టింగ్ ఎందుకు వద్దంటున్నానంటే, కొత్త బేరింగ్ పాతదానంత మందమే ఉంటుందని నమ్మలేం. వెంట్రుక మందం తేడా వచ్చినా పినియన్ లోతు మారిపోతుంది. మా మిస్త్రీ పళ్ళకు నీలి రంగు రాసి తిప్పి చూపించాడు. ముద్ర పంటి అడుగున పడితే పినియన్ మరీ లోపలికి పోయిందని, కొనకు పడితే బయట ఉండిపోయిందని అర్థం. ముద్ర పంటి మధ్యకు వచ్చేదాకా షిమ్ములు (పలచటి రేకు వాషర్లు) మారుస్తూ విప్పుతూ బిగిస్తూనే ఉన్నాడు. డయల్ గేజుతో బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య ఉండే సందు), ఆపైన పినియన్ ప్రీలోడ్ (బేరింగుల బిగింపు) కొలిచాడు. ఈ పనిముట్లు, ఆ ఓపిక, మీ బండి మాన్యువల్ కొలతలు, మూడూ ఉంటే మీరూ చేయొచ్చు. ఒక్కటి తక్కువైనా కొత్త పళ్ళు కొద్ది లోడ్లకే పాడవుతాయి.

ఇంకో మాట. పాత బేరింగ్ లూజుతో పళ్ళు అరిగిపోయి ఉంటే, బేరింగు మాత్రమే మార్చినా ఏడుపు పోదు. అప్పుడు క్రౌన్, పినియన్ రెండూ జతగానే మార్చాలి. అవి ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి అరగదీసి జత చేసినవి. ఏళ్ళుగా ఒకే స్థాయిలో ఉన్న సన్నటి శబ్దమైతే, ఆయిల్ శుభ్రంగా ఉంటే, నేనైతే విప్పను. పెరుగుతూ పోతుంటే మాత్రం ఆగను.

పాత సామాన్ల అంగడిలో మొత్తం డిఫరెన్షియల్ దొరికితే చవకే, కానీ పళ్ళు లెక్కపెట్టి కొనండి. క్రౌన్ 41, పినియన్ 6 అయితే రేషియో (41ని 6తో భాగిస్తే) 6.83. మీ దానితో కలవకపోతే బండి లాగే తీరు, మైలేజీ, స్పీడోమీటరు అన్నీ మారతాయి.

ముందు ఆయిల్ వదిలి, ప్లగ్గు మీద ఏం కనిపించిందో, శబ్దం ఘాట్ ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అన్నది రాయండి. దాన్ని బట్టి బేరింగో, పళ్ళో చెప్తాను.