గీయడం మానకండి, చూపించే తీరు మార్చండి

ప్రశ్న: మా అమ్మ చనిపోయి ఎనిమిది నెలలైంది. చివరి మూడు నెలలూ మంచం పక్కన కూర్చుని ఆమె ముఖం, చేతులు పెన్సిల్‌తో గీస్తుండేదాన్ని. తర్వాత కూడా రాత్రిళ్లు గంటల తరబడి అవే గీసేదాన్ని. ముక్కులో గొట్టంతో ఉన్న అమ్మ బొమ్మ ఒకటి ఫేస్‌బుక్‌లో పెడితే అన్నయ్య ఫోన్ చేసి "అమ్మను ఆ స్థితిలో అందరికీ చూపిస్తావా?" అని కోప్పడ్డాడు. తీసేశాను. అప్పటి నుంచి పెన్సిల్ పట్టుకోబుద్ధి కావడం లేదు. పిన్ని మాత్రం ఒక బొమ్మ తనకిమ్మని అడుగుతోంది. నేను చేసింది తప్పా?

జవాబు: గీయడంలో తప్పేమీ లేదు. పెట్టిన చోటు గురించే మాట్లాడుకోవాలి. మీ అన్నయ్యకు కోపం వచ్చింది చూపించినందుకు, మీరు మానేసింది గీయడాన్ని. ఈ రెండూ ఎక్కడో కలగలిసిపోయాయి.

ముందు ఆయన సంగతి. ఆ బొమ్మను ఆయన మొదటిసారి చూసింది ఫోన్‌లో, నలుగురి కామెంట్ల మధ్య. మీ పక్కన కూర్చుని కాగితం మీద చూసి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదేమో. పైగా ఆయన మాటలో కొంత న్యాయం ఉంది. తనను అలా చూపించవచ్చో లేదో చెప్పడానికి అమ్మ లేదు. కాబట్టి మీరే గుర్తు చేసుకోండి: ఆ రోజుల్లో ఎవరైనా చూడటానికి వస్తే ఆమె దుప్పటి సర్దుకునేదా, జుట్టు దువ్వమనేదా? అలాగైతే గొట్టం ఉన్న బొమ్మ ఇంట్లో ఉండాల్సిందే.

జర్మన్ కళాకారిణి కేథే కోల్విట్జ్ కొడుకు పీటర్ 1914 అక్టోబరులో యుద్ధంలో చనిపోయాడు. అతని స్మారకానికి ఆమె మొదట అనుకున్న రూపంలో కొడుకు శరీరం పడుకుని ఉంటుంది, తల్లిదండ్రులు చెరోవైపు ఉంటారు. ఆ ఆలోచనను ఏళ్ల తరబడి మార్చుకుంటూ వెళ్లారు. 1932లో బెల్జియంలోని సైనిక శ్మశానంలో నిలబెట్టిన శిల్పంలో కొడుకు లేడు. మోకాళ్ల మీద కూర్చున్న తల్లి, తండ్రి మాత్రమే ఉన్నారు. ఏది చూపించాలో తేలడానికి అంత పెద్ద కళాకారిణికే దాదాపు పద్దెనిమిదేళ్లు పట్టింది. మీకు ఎనిమిది నెలల్లో తేలలేదని బాధపడకండి.

అన్నయ్యతో ఇలా మొదలుపెట్టవచ్చు: "నిన్ను అడక్కుండా పెట్టడం పొరపాటే, అన్నయ్యా. ఇంకా కొన్ని బొమ్మలున్నాయి. వచ్చినప్పుడు చూపిస్తాను, చూడాలనిపిస్తేనే చూడు." అక్కడితో ఆపండి. ఆ రోజే వాదన తేల్చుకోవాలని కూర్చుంటే ఇద్దరూ అమ్మకు ఎవరు ఎక్కువ చేశారనే లెక్కలోకి దిగుతారు. కాస్త నెమ్మదించాక ఒక మాట అనుకోండి: అమ్మ ముఖం, జబ్బు గుర్తులు కనిపించే బొమ్మ ఇద్దరూ సరేనంటేనే బయటికి వెళ్తుంది. చేతులు, కళ్లజోడు, ఖాళీ కుర్చీ లాంటివి మీ ఇష్టం. ఏం గీయాలన్నది మాత్రం ఆయనను అడగనక్కర్లేదు.

ఇక గీయడం. 1986లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ ఒక ప్రయోగంలో విద్యార్థుల చేత నాలుగు రోజులు వరసగా, రోజుకు 15 నిమిషాలు, తమను కుంగదీసిన అనుభవాల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో, జరిగినదాంతో పాటు తమ బాధనూ రాసినవాళ్లు వైద్యం కోసం వెళ్లడం తగ్గింది. అది రాతకు సంబంధించిన ప్రయోగమే అయినా, రోజుకు ఇంతసేపే అన్న ఆ హద్దు మీకూ పనికొస్తుంది. గీశాక గంటో రెండు గంటలో దిగులుగా ఉంటే కంగారు పడకండి. రాత్రి మూడు గంటలు ఒకే చేతిని గీస్తూ నిద్ర పోగొట్టుకోవడం మాత్రం బాధను తిరగతోడుకోవడమే.

అలారం పెట్టుకుని 20 నిమిషాలు గీయండి, వీలైతే పగటిపూట. కాగితం ఎ5 సైజు (ఎ4లో సగం) చాలు. పెద్ద కాగితం పూర్తి చేయమని పీకుతూనే ఉంటుంది. 2బి, ఇంకా మెత్తగా, నల్లగా గీసే 6బి, ఈ రెండు పెన్సిళ్లు ఉంటే సరిపోతుంది. ఫోటో చూసి ముఖం గీసేటప్పుడు జాగ్రత్త. కన్ను రెండు మిల్లీమీటర్లు జరిగినా అది వేరే మనిషి ముఖమవుతుంది. మామూలు రోజుల్లో రబ్బరుతో చెరిపేస్తాం. ఇలాంటప్పుడు "అమ్మ ముఖం మర్చిపోతున్నానా" అన్న భయం పుడుతుంది. అది కొలతలో వచ్చిన తేడా, మరపు కాదు. ఫోటో నకలు మీద, కాగితం మీద ఒక సెంటీమీటరు గళ్లు గీసుకుని గడి గడికీ చూసి గీయండి. మనసు బాగాలేని రోజు ముఖం జోలికే వెళ్లకండి. ఆమె వాడిన వస్తువు ఏదైనా ఒకటి, పది నిమిషాలు, అంతే. అయ్యాక వెనకాల తేదీ వేసి, మరక అంటకుండా పైన బటర్ పేపర్ పెట్టి, ఫైల్లో దాచేయండి. చించేయాలనిపిస్తే వారం ఆగండి.

చూపించాలనిపించినప్పుడు, రాత్రి గీసింది ఆ రాత్రే పెట్టకండి. రెండు వారాల తర్వాత కూడా చూపించాలని ఉంటే ముందు ఒక్కరికి, తర్వాత నలుగురికి. పంపే ముందు "అమ్మ బొమ్మ ఒకటుంది, ఇప్పుడు చూడగలవా?" అని అడగండి, అవతలివాళ్లకూ ఏదో దుఃఖం ఉండొచ్చు. "ఎలా ఉందో చెప్పక్కర్లేదు, నీకేం కనిపించిందో చెప్పు" అంటే మెప్పు కోసం ఎదురుచూసే బాధ తప్పుతుంది. అందరికీ కనిపించేలా పెడితే కామెంట్లకు హద్దు పెట్టండి. లైకులు రాలేదని నొచ్చుకోకండి, చనిపోయినవారి బొమ్మకు లైకు కొట్టడం చాలామందికి ఇబ్బంది. ఫోటో తీసేటప్పుడు మందుల చీటీ, అమ్మ పేరు కనిపించే ఆసుపత్రి ఫైలు పక్కన లేకుండా చూసుకోండి. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకున్నారంటే, మీరు తొలగించినా వాళ్ల దగ్గర ఉండిపోతుంది.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి సరిగా లేకపోయినా, రోజువారీ పనులు ఆగిపోయినా మానసిక వైద్యులను కలవండి. అమ్మ దగ్గరికే వెళ్లిపోవాలనిపిస్తే ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. బొమ్మలు వైద్యానికి తోడు మాత్రమే.

పిన్నికి అసలు బొమ్మ ఇవ్వకండి, ఆమె అడిగిందే అయినా. ఇచ్చాక మళ్లీ చూడాలనిపిస్తే అడగలేరు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించి, మందపాటి మ్యాట్ (మెరుపు లేని) కాగితం మీద ప్రింటు తీయించి ఇవ్వండి. ముఖం ఉన్న బొమ్మయితే అన్నయ్యకు ముందే ఒక మాట చెప్పండి. మీ దగ్గరున్న అసలుదాన్ని ఫ్రేము కట్టిస్తే అద్దం పెన్సిల్ గీతలకు తగలకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించండి.