చుక్కలు వేశాక దగ్గరి అక్షరాలు ఎందుకు అలుక్కుపోతాయి?

కంటి పరీక్షకు చుక్కలు వేశాక దూరంగా ఉన్నవి బాగానే కనిపిస్తున్నాయని, చేతిలోని ఫోను మాత్రం చదవలేకపోతున్నానని, వెలుతురు గుచ్చుకుంటోందని రాశారు. చూపు దెబ్బతిన్నదా అని అడిగారు. లేదు. ఇదే భయం నాకూ కలిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అప్పటికి నాకు 34 ఏళ్లు, కళ్లజోడు లేదు. కంటి వెనుక ఉండి బొమ్మను పట్టుకునే పొర, రెటీనా, చూడాలని డాక్టర్ చుక్కలు వేశారు. అరగంట తర్వాత ఫోను తీస్తే పేర్లన్నీ తడిసిన సిరాలా అలుక్కుపోయి ఉన్నాయి. చేయి చాపినకొద్దీ కొంచెం తేటపడ్డాయి. బయటికి రాగానే ఎండకు కళ్లు బైర్లు కమ్మాయి. అద్దంలో చూసుకుంటే గోధుమరంగు వలయం అంచున సన్నని గీతలా మిగిలింది, తక్కినదంతా నల్లని పాపే.

కంట్లో రెండు చిన్న కండరాలున్నాయి. ఒకటి కనుపాపను ముడుస్తుంది, రెండోది లోపలి కటకాన్ని సర్దుతుంది. రెండింటికీ ఆజ్ఞ ఒకే నాడి ద్వారా వస్తుంది, దాన్ని అందించే రసాయనమూ ఒకటే. చుక్కల మందు ఆ రసాయనానికి అడ్డుపడుతుంది. అందుకే రెండు ఇబ్బందులూ జంటగా వచ్చాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది కటకం పని. కన్ను కాంతిని వంచే బలం సుమారు 60 డయాప్టర్లు (కళ్లజోడు పవర్‌ను కొలిచే ప్రమాణమే ఇది). అందులో దాదాపు మూడింట రెండు వంతులు కంటి ముందున్న పారదర్శక పొర, కార్నియాదే. కానీ దగ్గరికి చూసేటప్పుడు మారేది కార్నియా కాదు. ఇంగ్లిష్ శాస్త్రవేత్త థామస్ యంగ్ 1801లోనే నీళ్లు నింపిన గొట్టాన్ని కంటికి ఆనించి, కార్నియా బలాన్ని దాదాపు లేకుండా చేసి చూశాడు. అయినా దూరానికీ దగ్గరికీ చూపు సర్దుకుంటూనే ఉంది. సర్దుకునేది కటకమే. దాని చుట్టూ వలయంలా ఒక కండరం, రెంటినీ కలుపుతూ సన్నని తంతువులు ఉంటాయి. కండరం బిగిస్తే తంతువులూ బిగుస్తాయని నేను అనుకునేవాణ్ని. జరిగేది దానికి విరుద్ధం. వలయం ముడుచుకుంటే మధ్య ఖాళీ తగ్గి తంతువులు వదులవుతాయి, కటకం ఉబ్బి గుండ్రమవుతుంది, దగ్గరిది స్పష్టమవుతుంది. కండరం విశ్రాంతిగా ఉంటే చూపు దూరానికి కుదురుతుంది. మందు కండరాన్ని పడుకోబెట్టినా మీకు దూరం బాగా కనిపించడం అందుకే. ప్లస్ పవర్ ఉన్నవాళ్లకైతే దూరమూ మసకబారవచ్చు, ఎందుకంటే వాళ్లు దూరానికి కూడా ఈ కండరాన్నే వాడుతుంటారు. పిల్లలకు అద్దాల పరీక్ష ముందు చుక్కలు వేసేది ఆ దాగిన పవర్ బయటపడాలనే.

ఇక వెలుతురు సంగతి. కనుపాప వ్యాసం సుమారు 2 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారుతుంది, అంటే లోపలికి వచ్చే కాంతి 16 రెట్ల వరకు మారుతుంది. రాత్రికీ పగటికీ ఉన్న తేడాకు ఇది చాలదు, పెద్ద భారం రెటీనాదే. అయితే రెటీనా చీకటికి పూర్తిగా అలవాటుపడడానికి అరగంటకు పైగా పడుతుంది. పాప సెకను తిరగకముందే ముడుచుకుంటుంది. ఆ తొలి కాపలా లేకపోవడం వల్లే ఎండ అంత బాధించింది.

ఆ రోజు నేను చేసిన చిన్న పని మీరూ చేసి చూడండి. అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం పెట్టి, దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని ఫోను చూశాను. కాంతి తగ్గింది, అక్షరాలు మాత్రం విడివిడిగా కనిపించాయి! తెరిచిన పాపలోంచి వచ్చే కిరణాలు రెటీనా మీద అక్షరంలోని ప్రతి బిందువునూ బిళ్లలా పరుస్తాయి. సన్నని రంధ్రం ఆ బిళ్లను కుదిస్తుంది. చత్వారం వచ్చినవాళ్లు మంచి వెలుతురులో సులువుగా చదవగలగడానికి పాప చిన్నదవడం కూడా ఒక కారణం.

నాకు రాత్రికల్లా సర్దుకుంది. పెద్దవాళ్ల పరీక్షకు మామూలుగా వేసే చుక్కల ప్రభావం కొన్ని గంటలే, పిల్లలకు కొన్నిసార్లు వేసే అట్రోపిన్ మాత్రం రోజుల తరబడి ఉంటుంది. అంతవరకు చలువ కళ్లద్దాలు పెట్టుకోండి, బండి నడపకండి. కన్ను తీవ్రంగా నొప్పి పెట్టి ఎర్రబడినా, వాంతి వచ్చేలా ఉన్నా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కంటిలోపల ఒత్తిడి పెరిగి ఉండవచ్చు.