టెక్ సందేహాలు: డబ్బా మీద 620 గేములు, లోపల ఎన్ని?

ప్రశ్న: ఎండాకాలం సెలవుల్లో క్యాసెట్ పెట్టి ఆడిన మారియో, కాంట్రా, ట్యాంక్ గేములు మా పిల్లలకు చూపించాలని ఉంది సార్. ఆన్‌లైన్‌లో 620 గేములున్న చిన్న డబ్బా వెయ్యిలోపే కనిపించింది. అమెరికాలో ఉన్న మా బావమరిదేమో మారియో తయారుచేసిన నింటెండో వాళ్ల అసలు మినీనే (పాత మెషీన్‌ను చిన్నగా చేసిన ‘ఎన్ఈఎస్ క్లాసిక్’) పట్టుకొస్తానంటున్నాడు. దాంట్లో 30 గేములే. ఏది మేలు? (నల్లగొండ)

ముందు ఆ 620 సంగతి చూద్దాం. మనం ఆడిన మొదటి మారియో గేమ్ మొత్తం సైజు 40 కేబీ. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ ఫొటో కూడా దానికంటే పెద్దదే. 620 కాదు, 6000 గేములు నింపినా అమ్మేవాడికి పైసా ఖర్చు పెరగదు. అందుకే డబ్బా మీది అంకెను అసలు లెక్కలోకి తీసుకోకండి. ఆ జాబితాలో ఒకే గేమ్ పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తుంది. బొమ్మ రంగు మార్చి కొత్త గేమ్ అనిపించేవీ ఉంటాయి. పాటలు ఒక్కోసారి శ్రుతి తప్పి వినిపిస్తాయి. వీటికి గేమ్ హక్కులున్న కంపెనీల అనుమతి ఉండదని వేరే చెప్పక్కర్లేదు. మన చిన్నప్పటి ‘లక్షల గేముల’ క్యాసెట్లదీ ఇదే కథ. అప్పుడు మనకు తెలియదు, ఇప్పుడు తెలిసీ కొంటున్నాం.

నింటెండో మినీ 2016 నవంబర్‌లో 60 డాలర్ల ధరకు వచ్చింది. 2017 ఏప్రిల్‌లో ఆపేశారు, జనం అడుగుతూనే ఉండటంతో 2018 జూన్‌లో మళ్లీ తెచ్చారు. ఇప్పుడు తయారీ లేదు. కాబట్టి మీ బావమరిదికి దొరికేది వాడినదో, ఎవరో దాచిపెట్టి ఎక్కువ ధరకు అమ్మేదో అయి ఉంటుంది. అచ్చం దానిలాగే కనిపించే నకిలీలూ ఉన్నాయి. ఎరుపు, పసుపు, తెలుపు పిన్నుల ఏవీ వైరుతో వస్తే అది అసలుది కాదు. అసలుదానికి టీవీకి కలపడానికి ఉండేది హెచ్‌డీఎంఐ (కొత్త టీవీలకు పెట్టే వైరు) ఒక్కటే. హెచ్‌డీఎంఐ ఉన్న నకిలీలు కూడా తిరుగుతున్నాయి గనుక, బిల్లు అడగమని చెప్పండి.

అసలు మినీ లోపల ఉన్నది లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే చిన్న కంప్యూటర్. ప్రతి గేమ్‌లోనూ నాలుగు చోట్ల ఆట ఆపి, తర్వాత అక్కడి నుంచే మొదలుపెట్టుకోవచ్చు. మధ్యలో అన్నానికి పిలిచినా కష్టమంతా గంగపాలు కాదు. ఒక్కటే విసుగు, జాయ్‌స్టిక్ వైరు మూడడుగులే. టీవీ ముందు చాప వేసుకుని కూర్చోవాల్సిందే.

అసలు చిక్కు వేరే ఉంది. మీరు అడిగిన మూడింటిలో ఆ మినీలో ఉన్నది మారియో మాత్రమే. ట్యాంక్ గేమ్ లేదు. కాంట్రా కూడా లేదు, దాని రెండో భాగం ‘సూపర్ సీ’ ఉంది. మీ మనసు కాంట్రా మీదే ఉంటే, దాన్ని తయారుచేసిన కొనామి కంపెనీ 2019లో పాత కాంట్రాలు కొన్ని కలిపి ‘కాంట్రా ఆనివర్సరీ కలెక్షన్’ తెచ్చింది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) కొనుక్కోవచ్చు, రెండు యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌లు పెట్టి పిల్లలతో కలిసి ఆడొచ్చు. మీకు నేను చెప్పేది ఇదే. పిల్లలు పదిరోజులు ఆడి పక్కన పడేస్తారని మీకే అనిపిస్తే ఆ వెయ్యిలోపు డబ్బా కొన్నా నష్టం లేదు. కానీ కొనేముందు మీ టీవీ వెనక చూడండి. కొత్త ఎల్ఈడీ టీవీల్లో చాలావాటికి మూడు పిన్నుల రంధ్రాలు ఉండవు. ఇయర్‌ఫోన్ రంధ్రంలాంటి ఏవీ జాక్ ఉంటే టీవీతోపాటు ఇచ్చిన చిన్న వైరు వెతకాలి.

ప్రశ్న: మా అన్న అమెరికా నుంచి సెగా మెగా డ్రైవ్ మినీ (సెగా కంపెనీ పాత గేమ్ మెషీన్‌కు చిన్న రూపం) పంపాడు. మా ఇంట్లో పాత డబ్బా టీవీయే ఉంది. పని చేస్తుందా? అమెరికా కరెంటు వేరే కదా, కాలిపోతుందేమోనని టెన్షన్. (మహబూబ్‌నగర్)

కరెంటు గురించి టెన్షన్ అక్కర్లేదు. అది యూఎస్‌బీతో నడుస్తుంది, మీ ఫోన్ చార్జర్ చాలు. ఆ మినీకి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటుంది, మీ పాత టీవీకి ఏవీ కావాలి, కాబట్టి మధ్యలో కన్వర్టర్ పెట్టాలి. షాపులో ‘హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి’ అని గట్టిగా చెప్పండి. ‘ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి’ అనేది కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, అది మీకు పనికిరాదు. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. కన్వర్టర్‌కూ యూఎస్‌బీ కరెంటు ఇవ్వాలి. మీ అన్న పంపింది మంచి వస్తువండీ. 2019లో వచ్చిన దాంట్లో 42 గేములు, ఒక్కోదాన్నీ శ్రద్ధగా చేశారు. అంతకు ముందు ఏడాది వచ్చిన సోనీ వాళ్ల మినీ ‘ప్లేస్టేషన్ క్లాసిక్’లో 20 గేములున్నా, వాటిలో కొన్ని యూరప్ టీవీల కోసం చేసిన నెమ్మది రకం పెట్టి తిట్లు తిన్నారు.

ప్రశ్న: పాత వీడియోగేమ్ అటకమీద దొరికింది. బాతుల గేమ్ వస్తోంది గానీ తుపాకీ పేలితే ఒక్క బాతూ పడట్లేదు. తుపాకీ పాడైందా? (వనపర్తి)

టీవీ ఎల్ఈడీది అయితే తుపాకీ తప్పు లేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణం పాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. తుపాకీ చేసేదల్లా ఆ వెలుగును పట్టడమే. పాత డబ్బా టీవీ బొమ్మను అప్పటికప్పుడు గీస్తుంది. ఎల్ఈడీ టీవీ బొమ్మను సరిచేసి చూపించడానికి కాస్త సమయం తీసుకుంటుంది, ఈలోగా తుపాకీ చూడాల్సిన క్షణం దాటిపోతుంది. చుట్టాలింట్లో పాత టీవీ ఉంటే అక్కడికి పట్టుకెళ్లండి.

ప్రశ్న: కొత్త టీవీలో మారియో ఎప్పుడూ ఆలస్యంగా ఎగిరి గుంతలో పడుతున్నాడు. (మిర్యాలగూడ)

ఇదీ పైన చెప్పిన ఆలస్యమే. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో ‘గేమ్ మోడ్’ ఆన్ చేయండి. అయినా గుంతలో పడుతుంటే, మొహమాటం లేకుండా చెప్తున్నా, అది మన వయసు.