కీమో తర్వాత ఆయాసమా? గ్యాస్ మాత్రలతో సరిపెట్టుకోవద్దు

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. బీపీ ఉంది. ఎడమ రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. నాలుగుసార్లు ఎర్ర మందు కీమో ఇచ్చారు. ఇప్పుడు మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ వేస్తున్నారు. కొద్దిరోజులుగా నీరసం, మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ల వాపు. రాత్రి మూడు దిండ్లు ఉంటేగానీ నిద్ర పట్టడం లేదు. మెడికల్ షాపులో గ్యాస్ మాత్రలు, మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ తెచ్చి వేస్తున్నాం. బలానికి దానిమ్మ రసం ఇవ్వొచ్చా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దానిమ్మ రసం సంగతి తర్వాత. నన్ను కలవరపెడుతున్నవి ఆ మూడు దిండ్లు. పడుకుంటే ఆయాసం రావడం, లేచి కూర్చుంటే తగ్గడం గ్యాస్ లక్షణం కాదు. గుండె పంపింగ్ తగ్గి ఊపిరితిత్తుల్లో నీరు చేరేటప్పుడు ఇలా ఉంటుంది. చూడకుండా ఇదేనని చెప్పలేను. రక్తహీనత, ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కూడా కావచ్చు. ఏదైనా ఇంట్లో తేలేది కాదు. వచ్చే ఇంజెక్షన్ తేదీ దాకా ఆగకుండా ఈరోజే మీ క్యాన్సర్ డాక్టర్‌కు చూపించండి. కూర్చున్నా ఆయాసపడుతున్నా, ఛాతీ నొప్పి ఉన్నా, ఒక కాలే వాచినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఎర్ర మందు అంటే డాక్సోరుబిసినో, ఎపిరుబిసినో అయి ఉంటుంది. మొత్తం మోతాదు పెరిగేకొద్దీ ఇది గుండె కండరాన్ని దెబ్బతీసే ముప్పు పెరుగుతుంది. నాలుగు డోసులు మామూలుగా చాలామంది తట్టుకుంటారు. కానీ దాని వెనకే ట్రాస్టుజుమాబ్, పైగా బీపీ ఉన్నవారిలో జాగ్రత్త ఎక్కువ అవసరం. అందుకే ఈ ఇంజెక్షన్ నడిచినంత కాలం సుమారు మూడు నెలలకోసారి ఎకో (గుండె పనితీరు చూసే స్కాన్) తీయిస్తాం. మీ ఉత్తరంలో ఎకో మాటే లేదు. చివరిసారి ఎప్పుడు తీశారు? పంపింగ్ శాతం (గుండె ఒక్కో కొట్టుకోలుకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతోందో చెప్పే అంకె) మొదటి రిపోర్టు కన్నా 10 పాయింట్లు పడి 50 కిందికి వస్తే సాధారణంగా ఇంజెక్షన్ కొన్నాళ్లు ఆపి, గుండె మందులు మొదలుపెట్టి, మళ్లీ ఎకో చూస్తాం. ట్రాస్టుజుమాబ్ వల్ల తగ్గిన పంపింగ్ చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. ఎర్ర మందు దెబ్బ అలా కాదు. ఆలస్యంగా పట్టుకుంటే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇది చదివి ఇంజెక్షన్ మీరే మానేయకండి. అది క్యాన్సర్ మళ్లీ రాకుండా కాపాడే మందు. ఆపాలా వద్దా అన్నది ఎకో చూసి డాక్టర్ తేల్చాలి.

ఇక ఆ మెడికల్ షాపు మాత్రలు. కొంచెం కటువుగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. బీపీ పెంచుతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. గుండె బలహీనపడి ఉంటే కాళ్ల వాపు వాటితోనే పెరగొచ్చు. డాక్టర్ చూసేదాకా అవి ఆపండి. గ్యాస్ మాత్ర నేరుగా చేసే హాని తక్కువే. అది వేస్తున్నామన్న ధీమాతో రోజులు గడిచిపోవడమే అసలు నష్టం. కీమో అయినవాళ్లకు నీరసం మామూలేనని ఇంట్లోవాళ్లు అనుకోవడం, డాక్టర్‌ను ఇబ్బంది పెట్టడం ఎందుకని పేషెంట్ చెప్పకపోవడం, నేను తరచూ చూసేది ఇదే. బీపీ మాత్రలు మాత్రం మానకూడదు. కీమోతో పాటు మాత్రలు ఎక్కువైపోయాయని కొందరు వాటినే ముందు ఆపేస్తుంటారు. అమ్మగారు వేసుకుంటున్నారో లేదో కనుక్కోండి.

రోజూ పొద్దున్నే బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరే కావచ్చు. పచ్చళ్లు, అప్పడాలు ప్రస్తుతానికి వద్దు. దానిమ్మ రసం కొద్దిగా ఇవ్వొచ్చు, అమ్మగారికి షుగర్ జబ్బు లేకపోతే. బలం కోసమని గ్లాసులకు గ్లాసులు తాగించకండి. వెళ్లేటప్పుడు కీమో ఫైలు, పాత ఎకో రిపోర్టులు, షాపులో కొన్న మాత్రల స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి.