రాజా ఆపరేషన్‌కి 70,000: ఏ డబ్బు వాడాలి, ఏది ముట్టకూడదు

ప్రశ్న: మాది ఉప్పల్. మావారిది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. ఇద్దరిదీ కలిపి నెలకు 42,000 వస్తుంది. అద్దె, ఖర్చులు, 5,000 చీటీ పోను ఇంకో 5,000 మిగులుతుంది. బ్యాంకులో 28,000 ఉంది. పాప ఇంటర్ ఫీజు కోసం లక్ష రూపాయల ఎఫ్‌డీ వేశాం, జూన్‌లో చేతికొస్తుంది. నా దగ్గర కొద్దిగా బంగారం ఉంది. మా కుక్క రాజాకి నాలుగేళ్లు. కారు గుద్ది వెనక కాలి తొడ ఎముక విరిగింది. ప్రైవేటు క్లినిక్‌లో ప్లేటు వేయడానికి 70,000 అన్నారు. తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు. మావారు ‘పిల్ల ఫీజు ముందా, కుక్క ముందా’ అంటున్నారు. పాప అన్నం తినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ప్రశ్న అందగానే ముఖ్యమైన విషయాలు మీకు క్లుప్తంగా పంపాను. ఇలాంటి కష్టం చాలా ఇళ్లకు వస్తుంది కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ మూడు రూపాయల వడ్డీ సంగతి. నూటికి నెలకు మూడు అంటే ఏడాదికి 36 శాతం. 70,000కి మొదటి నెల వడ్డీయే 2,100. మీకు మిగిలే 5,000లో దాదాపు సగం దానికే పోతుంది. మిగిలిందంతా అసలుకు జమ చేసుకుంటూ పోయినా ఏడాదిన్నర పడుతుంది, వడ్డీ కిందే 22,000 దాకా కడతారు. అసలంతా ఒకేసారి తెచ్చిస్తే తప్ప జమ చేసుకోనంటే ఇంకా ఎక్కువ. క్రెడిట్ కార్డు గీకి గడువులోపు పూర్తిగా కట్టలేకపోయినా దాదాపు ఇదే భారం. ఫోన్‌లో నిమిషాల్లో ఇచ్చే లోన్ యాప్‌ల జోలికి అసలు వెళ్లకండి. ఒక్క వాయిదా తప్పితే మీ బంధువులకు ఫోన్లు చేసి పరువు తీసినవాళ్లున్నారు.

నా సలహా బంగారం. బ్యాంకులో గోల్డ్ లోన్‌కి వడ్డీ ఏడాదికి 10 శాతం అటూ ఇటూ ఉంటుంది, చాలా బ్రాంచీల్లో అదే రోజు డబ్బు ఇచ్చేస్తారు. 30,000 తీసుకుంటే మొదటి నెల వడ్డీ 250. నెలకు 5,000 కట్టుకుంటూ పోతే ఏడో నెలలో తీరిపోతుంది, మొత్తం వడ్డీ వెయ్యి లోపే. ఇప్పటి ధరల్లో దీనికి తులం బంగారం కూడా అక్కర్లేదు. మధ్యమధ్యలో కొంత కొంత కట్టనిస్తారా, ముందే తీర్చేస్తే ఏమైనా ఛార్జీ ఉందా అని సంతకం పెట్టే ముందే అడగండి.

ఎఫ్‌డీ మీద కూడా లోన్ వస్తుంది, వడ్డీ ఇంకా తక్కువే. ఎఫ్‌డీ రేటు మీద ఒకటో రెండో శాతం ఎక్కువ ఉంటుందంతే. అయినా దాని మీద వద్దంటున్నాను. జూన్ నాటికి బాకీ తీరకపోతే బ్యాంకు ఆ మేరకు ఎఫ్‌డీలోంచే మినహాయించుకుంటుంది, అప్పుడు కాలేజీ ఫీజుకు వెతుక్కోవాలి. గోల్డ్ లోన్‌కీ గడువు ఉంటుంది, కానీ దానికి పాప ఫీజుతో ముడి లేదు. మీవారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఎఫ్‌డీని ముట్టబోమని ఆయనకు ముందే చెప్పండి. మిగతా మాటలు తేలిగ్గా సాగుతాయి.

ఇక బ్యాంకులో ఉన్న 28,000లో 10,000 వాడండి. మిగతా 18,000 ఇంటి కోసం ఉంచండి, ఈ నెలలోనే ఇంకెవరికైనా జ్వరం రావచ్చు. అంటే మీ హద్దు 40,000. ఈ అంకెను క్లినిక్‌లో కౌంటర్ ముందు నిలబడి కాదు, ఇంట్లో ముగ్గురూ కూర్చుని ఒప్పుకోండి. రాజా మూలుగుతుంటే ఎవరికైనా అంకె పెరుగుతూనే పోతుంది.

40,000తో 70,000 ఆపరేషన్ ఎలా అంటారేమో. ఒక్క క్లినిక్ చెప్పిన మాటతో ఆగిపోకండి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. ఫీజులు ప్రైవేటు కంటే చాలా తక్కువ. ప్లేటు, స్క్రూలు, కొన్ని మందులు బయట కొనాల్సి రావచ్చు, వాటికి డబ్బు చేతిలో ఉంచుకోండి. రద్దీ ఉంటుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. మీకు నారాయణగూడే దగ్గర. తీసిన ఎక్స్‌రేలు అడిగి తీసుకోండి, మళ్లీ తీయించే ఖర్చు తప్పుతుంది. రాజాని గట్టి చెక్క మీద పడుకోబెట్టి, కదలకుండా గుడ్డతో కట్టి తీసుకెళ్లండి.

డాక్టర్‌ని ఈ ప్రశ్నలు అడగండి. మూత్రం పోస్తోందా, మూత్రసంచికి దెబ్బ తగిలిందా? వెన్ను బాగుందా? ప్లేటే కావాలా, రాడ్డుతో సరిపోతుందా? కాలు తీసేస్తే ఎంత అవుతుంది? ఈ చివరి ప్రశ్న అడగడానికి మీకు నోరు రాదని తెలుసు. కానీ మూడు కాళ్లతో హాయిగా పరుగెత్తే కుక్కలు చాలా ఉన్నాయి, చాలాసార్లు ఆ ఆపరేషన్‌కి ఖర్చు తక్కువ, మళ్లీ మళ్లీ తిరగాల్సిన పనీ తక్కువ. అది ఎంచుకుంటే మీరు రాజాని తక్కువ ప్రేమించినట్టు కాదు. ఒకవేళ వెన్నుపాము తెగి, వెనక కాళ్లలో లోతైన నొప్పి కూడా తెలియడం లేదని డాక్టర్ తేల్చితే, బాధ లేకుండా సాగనంపే మాట కూడా వాళ్లు ఎత్తవచ్చు. అప్పుడు పాపని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. ఇంత అప్పు చేస్తే బతికేదేమో అన్న అపరాధభావం ఆ పిల్లకి మిగలకూడదు.

ఆస్పత్రి చెప్పే అంచనాలో ఏమేం కలిశాయో కాగితం మీద రాయించుకోండి. ఆపరేషన్ తర్వాత కట్లు, మందులు, మళ్లీ ఎక్స్‌రే, కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు చిన్న చోట కట్టడి చేసి ఉంచడం, వీటన్నిటికీ ఖర్చుంటుంది. చెప్పిన మొత్తం మీద ఇంకో ఐదో వంతు చేర్చి లెక్కేసుకోండి. 40,000 హద్దులో అదీ ఉండాలి.

ఇంకో మాట, నేను డాక్టర్‌ని కాకపోయినా చెప్పి తీరాలి. నొప్పి తగ్గుతుందని ఇంట్లో ఉన్న బ్రూఫెన్, డోలో వేయకండి. కుక్కల కడుపు, కిడ్నీలు, లివర్ దెబ్బతింటాయి, కాలి ఖర్చు మీద ఆ ఖర్చు కూడా వచ్చిపడుతుంది.

మీ హెల్త్ పాలసీ కుక్కకి వర్తించదు. పెంపుడు కుక్కలకు విడిగా పాలసీలు ఉన్నాయి కానీ, ఇప్పటికే తగిలిన దెబ్బకు ఏ కంపెనీ ఇవ్వదు. మీవారి పీఎఫ్ నుంచి వైద్యం పేరుతో తీద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది మనుషుల వైద్యానికే, తప్పు కారణం రాయకూడదు. కాలనీ వాట్సాప్ గ్రూపులో అడగడానికి మొహమాటపడకండి. అంచనా కాగితం ఫొటో పెట్టి, డబ్బు నేరుగా ఆస్పత్రి ఖాతాకే వేయమనండి.

చీటీని మాత్రం ఇప్పుడు కంగారులో పాడకండి. అవసరం తెలిసిపోతే పాట ఎక్కువకి పోతుంది, పైగా పాడాక జామీనుదార్లు దొరికి డబ్బు చేతికొచ్చేసరికి రోజులు పడతాయి. పోటీ తగ్గిన చివరి నెలల్లో తక్కువ తగ్గింపుకే పాడుకోవచ్చు. గోల్డ్ లోన్‌లో అప్పటికి ఏమైనా మిగిలి ఉంటే దాంతో తీర్చేసి గొలుసు విడిపించుకోండి.