ఆ ఫోనులో మా అత్తయ్య మాట వినబడదు

"అందరి చేతిలో ఫోను ఉంది కదా, పల్లెల్లో ఊరివాళ్లే నడుపుకునే సామాజిక రేడియోకు ప్రభుత్వం డబ్బు ఎందుకు ఇవ్వాలి?" అని కొందరు అడుగుతారు. ఇవ్వాలి. ఫోనులో మా మేనత్త మాట్లాడే తెలుగు ఎవరూ మాట్లాడరు.

ఆమెది జహీరాబాద్ దగ్గరి పల్లె. మాచునూర్ నుంచి సంఘం రేడియో అక్కడికి వినబడుతుంది. దళిత మహిళలు నడిపే కేంద్రం అది. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో నడిపే అనుమతి ఇవ్వడానికి 2006 దాకా పట్టింది. ఈ కేంద్రం గాలిలోకి వచ్చేసరికి 2008 అక్టోబరు 15. అప్పటిదాకా ఆ మహిళలు కార్యక్రమాలను టేపుల్లో రికార్డు చేసి సంఘాల సమావేశాల్లో వినిపించేవారు. ఆ పోగొట్టుకున్న ఏళ్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఒక చలికాలం అక్కడికి వెళ్లాను. అత్తయ్య పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది. రేడియోలో ఒకావిడ విత్తనం దాచే పద్ధతి చెబుతోంది: బుట్టలో బూడిద, వేపాకు కలిపి పోసి, పైన మట్టితో మెత్తాలని. అత్తయ్య చెయ్యి ఆగిపోయింది. "పచ్చి ఆకు వేస్తే బూజు పడుతుంది, ఎండబెట్టి వేయాలని చెప్పవేమమ్మా!" అని రేడియోనే కోప్పడింది. పెనం మీద రొట్టె మాడిపోయింది. వారం తిరక్కుండా మాచునూర్ వెళ్లి, ఆ మాటే మైకు ముందు చెప్పి వచ్చింది. అక్షరం రాని మనిషి. ఆ రాత్రి తన గొంతు తానే వింటూ ముద్ద ముట్టలేదు. ఫోనులో వ్యవసాయ పాఠాలు చెప్పేవారికి ఆమె ఎక్కడికి వెళ్లి జవాబు చెబుతుంది?

ఇక డబ్బు సంగతి. యంత్రాలు కొనడానికి కేంద్ర ప్రభుత్వం సాయం చేస్తుంది. ఈ రేడియో కేంద్రాలు మూతపడేది యంత్రాలు లేక కాదు, నెలనెలా కరెంటు బిల్లు, మరమ్మతు, మాట్లాడే అమ్మాయిల జీతం దగ్గర. 2024లో ప్రకటనల సమయాన్ని గంటకు 7 నిమిషాల నుంచి 12కు పెంచారు, మంచిదే. కానీ పేద పల్లెలో ప్రకటన ఇచ్చే వ్యాపారి ఎవరు? కిరాణా కొట్టతను ఇస్తాడా? పైగా సొంతంగా వార్తలు చెప్పకూడదట, ఆకాశవాణి వార్తలు ఉన్నవి ఉన్నట్టు వినిపించాలట. ఊరి చెరువుకు గండి ఎందుకు పడిందో, ఎవరి నిర్లక్ష్యమో ఆ ఊరివాళ్లకన్నా ఢిల్లీకి బాగా తెలుసా?

నన్నడిగితే కొత్త కేంద్రాలకు కొబ్బరికాయ కొట్టడం మాని, ఉన్నవాటికి అయిదేళ్లపాటు జీతాల డబ్బు ఇవ్వాలి. సాయంత్రం మైకు ముందు కూర్చునే ఆ అమ్మాయి పగలంతా కూలికి వెళ్లి వస్తోంది.